శాండ్‌బాక్స్ ఆపేయకండి, మేక్‌ఫైల్ సరిచేయండి

సాఫ్ట్‌వేర్‌ని సోర్స్ కోడ్ నుంచి కట్టుకునే జెంటూ లినక్స్‌లో ఏదో ప్యాకేజీ కంపైలైతే చక్కగా అయిపోయి, తీరా ఇన్‌స్టాల్ దశలో 'యాక్సెస్ డినైడ్' అంటూ ఆగిపోతుంది. బిల్డ్ తన హద్దు దాటి సిస్టమ్‌లో రాయకుండా కాపలా కాసే శాండ్‌బాక్సే దాన్ని ఆపింది. చాలామంది వెంటనే ఫీచర్స్ అనే సెట్టింగ్‌లో శాండ్‌బాక్స్ తీసేసి మళ్లీ ఎమర్జ్ (ఇన్‌స్టాల్ చేసే కమాండ్) కొడతారు. ప్యాకేజీ ఎక్కేస్తుంది, నిజమే, కానీ అలా దొడ్డిదారిన పడ్డ ఫైళ్ల సంగతి జెంటూ ప్యాకేజీ మేనేజర్ పోర్టేజ్‌కి తెలియదు కాబట్టి రేపు ఆ ప్యాకేజీ తీసేసినా అవి మాత్రం అక్కడే ఉండిపోతాయి.

పోర్టేజ్ దేన్నీ నేరుగా సిస్టమ్‌లో పెట్టదు. ముందు ఇమేజ్ అనే తాత్కాలిక డైరెక్టరీలోకి ఇన్‌స్టాల్ చేయించి, అక్కడ ఏమేం ఉన్నాయో రాసుకుని, తర్వాతే అసలు చోటికి చేరుస్తుంది. ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే స్క్రిప్ట్ ఈబిల్డ్; అందులో 'డి' వేరియబుల్ అంటే ఆ ఇమేజ్ దారే, దాన్నే బిల్డ్ నడిపే మేక్‌కి డెస్ట్‌డిర్ (ఫైళ్లు ఏ డైరెక్టరీ కింద పెట్టాలో చెప్పే వేరియబుల్)గా అందిస్తాం. మేక్‌కి సూచనలిచ్చే మేక్‌ఫైల్ చేత్తో రాసిందైతే డెస్ట్‌డిర్‌ని అసలు పట్టించుకోకుండా నేరుగా యూఎస్ఆర్ లోకల్‌లోకి కాపీ చేసేస్తుంది, గొడవంతా అక్కడే. ఇన్‌స్టాల్ టార్గెట్‌లో ప్రతి దారికీ ముందు డెస్ట్‌డిర్ చేర్చితే చాలు.

ఆ మార్పుని టెక్స్ట్‌ని వెతికి మార్చే సెడ్ కమాండ్‌తో చేయొచ్చు, కానీ నేను ప్యాచే (ఏ లైను ఎలా మారాలో రాసిన ఫైలు) రాస్తాను. కొత్త వెర్షన్‌లో ఆ లైను మారిపోతే సెడ్‌కి వెతికింది దొరకదు, అయినా తప్పేమీ లేనట్టే ముగుస్తుంది, పక్కన 'డై' (కమాండ్ విఫలమైతే బిల్డ్‌ని ఆపేది) పెట్టినా లాభం లేదు. ప్యాచ్ అలా కాదు, అతకకపోతే బిల్డ్ అక్కడికక్కడే ఆగిపోతుంది, మనకి కావాల్సిందీ అదే.

పాత ఈబిల్డ్‌ని కొత్త ఈఏపీఐకి (ఈబిల్డ్ రాసే నియమాల వెర్షన్) మార్చేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఈఏపీఐ 7 నుంచి 'డి' చివర స్లాష్ ఉండదు, అందుకే దాని వెంటనే యూఎస్ఆర్ అని రాసిన పాత లైన్లలో రెండు పేర్లూ అతుక్కుపోయి ఫైళ్లు ఇమేజ్ బయటికి పోతాయి. ఫైళ్లని ఇమేజ్‌లో పెట్టే డూబిన్, డూఇన్స్ లాంటి హెల్పర్లు ఈఏపీఐ 4 నుంచీ విఫలమైతే వాటంతటవే బిల్డ్‌ని ఆపేస్తాయి, మామూలు కాపీ కమాండ్ సీపీకి మాత్రం 'డై' మనమే పెట్టాలి.

సరిచేశాక నేరుగా ఎమర్జ్ చేయొద్దు. ఈబిల్డ్ కమాండ్‌తో ఇన్‌స్టాల్ దశ వరకే నడిపి, ఇమేజ్‌లో ఏ ఫైలు ఎక్కడ పడిందో ఒకసారి చూడండి, అంతా బాగుంటే ఆ ప్యాచ్‌ని అసలు ప్రాజెక్టు వాళ్లకీ పంపండి, డెస్ట్‌డిర్ మిగతా లినక్స్ డిస్ట్రోల వాళ్లకీ కావాలి.