అవతలి కిటికీలు

రాత్రి ‘రియర్ విండో’ మళ్ళీ చూశాను. 1954 నాటి హిచ్‌కాక్ సినిమా. కాలికి కట్టుతో చక్రాల కుర్చీలో కూర్చున్న ఫొటోగ్రాఫర్ జెఫ్, న్యూయార్క్‌లో తన కిటికీలోంచి ఎదురిళ్ళవాళ్ళని చూస్తుంటాడు. వాటిలో ఒక ఇంట్లో హత్య జరిగిందని అతని అనుమానం. ఆ హత్య సంగతి అలా ఉంచండి, ఈసారి నన్ను పట్టుకున్నది ఉంగరం. అనుమానితుడి ఇంట్లో దొరికిన అతని భార్య పెళ్ళి ఉంగరాన్ని జెఫ్ ప్రియురాలు లీసా తన వేలికి తొడుక్కుని, చెయ్యి వెనక్కి పెట్టి జెఫ్‌కి చూపిస్తుంది. సాక్ష్యం అదే. పెళ్ళంటే వెనకాడుతున్న మనిషిని ఆమె అడుగుతున్న ప్రశ్నా అదే! ఎంత గొప్ప ఆలోచన.

ఇంకో కిటికీలో ఒంటరి ఆవిడ. ఇద్దరికి బల్ల సర్ది, రాని అతిథికి గ్లాసు అందిస్తున్నట్టు నటిస్తుంది. ఇవతల జెఫ్ తన గ్లాసు పైకెత్తుతాడు. ఆమెకి తెలీదు. అక్కడ ఆపి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.