ఆవు, గుర్రం, చిన్నపేగు: జీర్ణక్రియ పాఠం నాకు అర్థమైన క్రమం

పశువైద్య విద్య మొదటి సంవత్సరంలో ఆవుకు నాలుగు గదుల ఆమాశయమనీ, గుర్రానికి ఒకటే గది అనీ బట్టీపట్టి, నెమరువేసే జంతువుకూ వెయ్యని జంతువుకూ ఉన్న తేడా అంతటితో తెలిసిపోయిందనుకున్నాను. గుర్రం కూడా గడ్డి మీదే బతుకుతుందనీ, గడ్డిలోని పీచుపదార్థమైన సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైమును ఆ రెండింటిలో ఏదీ స్వయంగా తయారు చేసుకోలేదనీ, ఆ పని రెండింటిలోనూ లోపలి సూక్ష్మజీవులదేననీ చదివిన రోజున ఆ లెక్క చాలదని గ్రహించాను.

డిసెక్షన్ గదిలో ఆవు కడుపు తెరిచినప్పుడు ఎడమ వైపునంతా ఆమాశయపు మొదటి గది అయిన రూమెన్ ఆక్రమించి కనిపించింది. పెద్ద ఆవులో అది 100 లీటర్లకు పైగానే పడుతుంది. దానిని ఆనుకొని తేనెపట్టు గోడల రెటిక్యులం, పుటలు పేర్చినట్లుండే ఒమాసం, చివరగా ఆమ్లాన్ని స్రవించే అబోమాసం ఉన్నాయి. గుర్రంలో ఆమాశయం 8 నుంచి 15 లీటర్లు పట్టే చిన్న సంచి మాత్రమే. చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట సంచిలా ఉండే, మీటరు పొడవున్న అంధనాళమూ, మడతలు పడిన పెద్దపేగూ మాత్రం నన్ను చాలాసేపు అక్కడే నిలబెట్టాయి.

ఆ సాయంత్రం రెండు బొమ్మలూ పక్కపక్కన గీసి, చిన్నపేగుకు ఎర్రరంగు వేశాను. ఆవులో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టే చోటు ఎర్రగీతకు ముందుంది, గుర్రంలో వెనకుంది. నా దృష్టిలో ఈ పాఠానికి తాళంచెవి ఇదే. రూమెన్‌లో పెరిగిన సూక్ష్మజీవులు అబోమాసంలో చనిపోయి, చిన్నపేగులో ఆవుకే మాంసకృత్తులుగా అందుతాయి; గుర్రంలో అటువంటి మాంసకృత్తులు చాలావరకు పేడలో పోతాయి. కుందేలు అంధనాళం నుంచి వచ్చే మెత్తని గుళికలను తిరిగి తినడం ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికేనని అప్పుడే అర్థమై, ఎంతో సంతోషించాను. అయితే గుర్రానికీ ఒక లాభముంది: గింజల్లోని పిండిపదార్థం చాలావరకు సూక్ష్మజీవుల కంటే ముందే దాని చిన్నపేగుకు అంది గ్లూకోజుగా రక్తంలో చేరుతుంది; ఆవులోనైతే అందులో ఎక్కువ భాగాన్ని సూక్ష్మజీవులే వాడుకొని ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను ఇస్తాయి కనుక, ఆవు కాలేయం ప్రధానంగా ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి గ్లూకోజును తయారు చేసుకోవలసి వస్తుంది.

తరువాత స్టెతస్కోపు అభ్యాసం వచ్చింది. ఆవు ఎడమ డొక్క మీద ఆనిస్తే, నిమిషానికి ఒకటి రెండుసార్లు దూరపు ఉరుములా రూమెన్ కదలిక వినిపించేది. గుర్రానికి అంధనాళం శబ్దం కోసం కుడి డొక్కను వెతకాలి. పాలు తాగే పసిదూడ ఎడమ డొక్కలో ఆ ఉరుము వినబడక నేను కంగారుపడితే, రూమెన్ ఇంకా ఎదగలేదనీ, పాలు అన్నవాహిక గాడి గుండా నేరుగా అబోమాసానికే చేరుతున్నాయనీ మా అధ్యాపకురాలు చెప్పి, ఆ దూడనే గడ్డి నమలడం మొదలుపెట్టాక మళ్లీ వినమన్నారు.