హెండ్రిక్సన్ కట్ వింగ్: రెక్కలు కుదిరాయి, తిరుగుడు ఆగలేదు

ట్రౌట్ చేపల కోసం హెండ్రిక్సన్ అనే మేఫ్లై పురుగుని పోలిన ఎర (ఫ్లై) కడుతున్నాను. దాని రెక్కలు కట్ వింగ్‌లు, అంటే ఈకని రెక్క ఆకారానికి కాల్చి చేసినవి. ఆ రెక్కల ఐదో జత కూడా గాలిలో గిరగిరా తిరుగుతోంది. నాలుగో జత కన్నా ఎక్కువగా తిరుగుతోంది, అదీ అసలు మంట. చూడ్డానికి మాత్రం కళ్లకద్దుకోవచ్చు. 14 నంబరు టి.ఎమ్.సి. 100 (ఒక కంపెనీ మోడల్) హుక్కు, బూడిదరంగు పెట్ట మెడ ఈకలు, రెండు రెక్కల ఎత్తూ 9.5 మి.మీ., వెడల్పు 6 మి.మీ. వెర్నియర్ పెట్టి కొలిస్తే తేడా 0.2 దాటలేదు. ముందు నుంచి చూస్తే సన్నటి వి ఆకారం, పక్క నుంచి చూస్తే అచ్చం నీటి మీద తేలే హెండ్రిక్సన్ డన్ (అప్పుడే రెక్కలొచ్చిన పురుగు). గాలిలోకి విసిరితే మాత్రం సీలింగ్ ఫ్యాన్. పచ్చిక మీద ఇరవై ఫాల్స్ కాస్టులు (కింద పడనివ్వకుండా గాలిలోనే ముందుకీ వెనక్కీ విసరడం) వేసేసరికి 5ఎక్స్ టిప్పెట్ (ఫ్లై కట్టే సన్నటి కొస దారం, 5ఎక్స్ దాని మందం) చివరి రెండడుగులూ టెలిఫోన్ తీగలా చుట్టుకుపోయాయి.

తోక, బాడీ, హ్యాకిల్ (హుక్కు చుట్టూ చుట్టే ఈక) గురించి చెప్పడానికేమీ లేదు, అవి బాగానే వస్తున్నాయి. బాడీకి ఆడ నక్క పొట్ట కింద మూత్రం తగిలి గులాబీ రంగు పడ్డ బొచ్చే కావాలని పాతకాలపు క్యాట్‌స్కిల్ (న్యూయార్క్ రాష్ట్రం) ఫ్లై కట్టేవాళ్లు పట్టుబడతారు. రంగు వేసిన మామూలు నక్క బొచ్చుతో సరిపెట్టాను, చేపలకి పట్టింపు ఉండదనే నా నమ్మకం.

ఇక తిరుగుడు సంగతి. కంటి అంచనాతో లాభం లేదని పరీక్షకి ఒక పద్ధతి పెట్టుకున్నాను. 50 సెం.మీ. 5ఎక్స్ నైలాన్ టిప్పెట్ ఒక కొస పెన్సిలుకి, రెండో కొస ఫ్లైకి. పెన్సిలు టేబుల్ ఫ్యాన్‌కి 40 సెం.మీ. దూరంలో, ఫ్యాన్ మూడో స్పీడులో. సరిగ్గా 10 సెకన్లు గాలి తగలనిచ్చి, ఫ్యాన్‌కి అట్ట అడ్డం పెట్టి, ఫ్లైని వేలాడనివ్వాలి. టిప్పెట్ విప్పుకుంటూ వెనక్కి ఎన్ని చుట్లు తిరిగితే అది ఆ ఫ్లై లెక్క. హుక్కు వంపు మీద ఎర్ర మార్కర్ చుక్క పెట్టి ఫోన్లో స్లో మోషన్ తీస్తే చుట్లు తేలిగ్గా లెక్కపెట్టొచ్చు. ఫ్యాన్ గాలికీ కాస్టింగ్ వేగానికీ పోలిక లేదు, నిజమే. కానీ ఒక ఫ్లైని ఇంకో ఫ్లైతో పోల్చడానికి ఇది చాలు.

రెక్కల్లేని వట్టి హ్యాకిల్ ఫ్లై: 3 చుట్లు. మూడో జత: 22. నాలుగోది: 31. ఐదోది: 44. రెక్కల పొందిక కుదిరేకొద్దీ తిరుగుడు పెరుగుతోంది. దారి తప్పుతున్నానని అప్పుడే అర్థం కావాల్సింది.

ఎవరిని అడిగినా చెప్పే మొదటి కారణం రెక్కలు సమానంగా లేకపోవడం. సూత్రం సరిగా పడని గాలిపటం ఒకే పక్కకి గింగిరాలు కొట్టినట్టు, పెద్ద రెక్క ఉన్న వైపు ఫ్లై లాగుతుందని అంటారు. పరీక్షించాను. ఐదో జతలో ఒక రెక్క కొస కావాలనే 1 మి.మీ. కత్తిరించాను. 44 కాస్తా 41 అయింది, అంతే. అసమానతే కారణమైతే ఇది పెరగాలి కదా, తగ్గింది. ఆ అనుమానం కొట్టేశాను.

రెండోది వెడల్పు. రెండు రెక్కల్నీ వెనక అంచు నుంచి 6 మి.మీ. కాస్తా 4.5 చేశాను. 30కి దిగింది. ఎంత రెక్కకు అంత గాలి! కానీ ఇది జ్వరం తగ్గించడమే, రోగం కుదర్చడం కాదు. పైగా ఆ సన్నటి రెక్క హెండ్రిక్సన్‌లా లేదు, గడ్డిపరకలా ఉంది. అలాంటి రెక్కే కావాలంటే 1916లో రాయ్ స్టీన్‌రాడ్ కట్టిన అసలు హెండ్రిక్సన్ లాగే వుడ్ డక్ (ఒక రకం బాతు) పక్క ఈకల పోచలు రెండు కుచ్చులుగా నిలబెడితే సరి. అది అంతగా తిరగదు, గాలి పోచల మధ్య నుంచి పోతుంది.

మూడోది జిగురు. నాలుగో జతలో మొదళ్ల దగ్గర సూపర్ గ్లూ చుక్క పెట్టాను. పలచటి జిగురు పోచల వెంట పైకి పాకుతుంది. భూతద్దంలో చూస్తే 2 మి.మీ. మేర పోచలు అతుక్కుపోయి రేకులా అయ్యాయి. గాలి తగిలితే వంగాల్సిన చోట వంగకపోవడం వల్ల తిరుగుడు కొంత పెరిగే ఉంటుంది. ఐదో జతలో జిగురే పెట్టలేదు, అయినా 44 వచ్చింది. కాబట్టి అసలు దొంగ ఇది కాదు. అయినా సూపర్ గ్లూ మానేశాను. చిక్కటి వాటర్ బేస్డ్ హెడ్ సిమెంట్ సూది మొనతో పెడితే పాకదు.

నాలుగోది హ్యాకిల్. ముందు మూడు చుట్లు, వెనక మూడు చుట్లు వేసేటప్పుడు హ్యాకిల్ కాడ దగ్గరి రెక్కని నెడుతోందేమో అనుకుని ఐదో జత మీద హ్యాకిల్ మొత్తం కత్తెరతో గొరిగేశాను. ఈ పరీక్ష రెక్క వెడల్పు తగ్గించకముందే చేసింది: లెక్క మూడు చుట్లు పెరిగింది. అంటే హ్యాకిల్ తప్పేమీ లేకపోగా, బ్రేకు వేస్తున్నది అదే.

ఇన్ని చేశాక గానీ ఫ్లైని పై నుంచి చూడాలని తోచలేదు. ముందు నుంచి, పక్క నుంచి ఫొటోలు కుప్పలు తీశాను. పై నుంచి ఒక్కటీ లేదు. మాక్రో లెన్స్ తగిలించి, హుక్కు కాడ గీతకి సమాంతరంగా ఉండేలా గ్రాఫ్ కాగితం కింద పెట్టి తీసి చూస్తే రెండు రెక్కల ముందు అంచులూ కుడివైపుకే తిరిగి ఉన్నాయి. దగ్గరిది సుమారు 8 డిగ్రీలు, అవతలిది 10 డిగ్రీలు. రెండూ ఒకదానికొకటి చక్కగా సమాంతరం. అందుకే ముందు నుంచి చూస్తే తేడా తెలియలేదు. ఫ్యాన్ రెక్కలన్నీ ఒకే వాటానికి వంగి ఉంటాయి కాబట్టే ఫ్యాన్ తిరుగుతుంది. ఇక్కడా అంతే. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి తిరిగి ఉంటే రెండు తోపులూ కొట్టుకుపోయేవి. రెండూ ఒకే దిక్కుకి తిరిగితే హుక్కుకి పైన ఒకే పక్కకి రెండు తోపులు పడతాయి. రెక్కలు ఎంత సమానంగా ఉంటే అంత శ్రద్ధగా తిప్పుతాయి.

ఎందుకు తిరిగాయి? దారం వల్ల. రెక్క నిలబెట్టాక ప్రతి దాని మొదలు చుట్టూ మూడేసి చుట్లు వేస్తాం కదా, రెండింటికీ అలవాటుగా గడియారం దిక్కునే వేస్తున్నాను. పెట్ట ఈక కాడ గుండ్రంగా ఉండదు, నొక్కిన గొట్టంలా కోలగా ఉంటుంది. దారం బిగిసేటప్పుడు ఆ కోల కాడ వేళ్ల మధ్య పెన్సిలు దొర్లినట్టు దారం పోయే దిక్కుకి దొర్లుతుంది. రెండింటినీ ఒకే దిక్కున చుడితే రెండూ ఒకే దిక్కున దొర్లుతాయి. దానికి తోడు మధ్యలో వేసే ఎనిమిది ఆకారపు చుట్లలో చివరిది ఎప్పుడూ ఒకే మూల నుంచి పోతోంది, ఉన్న తిరుగుడుని అది ఖాయం చేస్తోంది.

ఆరో జత: దగ్గరి రెక్క మొదలుకి గడియారం దిక్కున మూడు చుట్లు, అవతలి రెక్కకి ఎదురు దిక్కున మూడు. ఎనిమిది ఆకారపు చుట్లు రెండు మూలలకీ సరిసమానంగా రెండేసి. దారం యు.టి.సి. 70. చుట్టే ముందు బాబిన్ (దారం చుట్టని పట్టుకునే పరికరం) తిప్పి పురి విప్పేశాను, పురి విప్పిన దారం పట్టీలా పరుచుకుంటుంది, కాడని తక్కువ దొర్లిస్తుంది. ఫలితం 17. వెడల్పు పూర్తిగా 6 మి.మీ. ఉంచే 17. ఆ రాత్రి ఫ్యాన్ ముందు నుంచి లేవబుద్ధి కాలేదు.

ఏడో జతలో ఇంకొకటి కలిపాను. ఇదివరకు రెక్క కిందున్న పోచల్ని పీకేసేవాణ్ని, కాడ నున్నగా మిగిలేది. ఇప్పుడు పీకకుండా కాడకి అర మిల్లీమీటరు ఉంచి కత్తిరించాను. ఆ మొలకలు దారంలో దిగబడి కాడ దొర్లకుండా పట్టుకుంటాయి. దువ్వెన పళ్లలా రెండు పక్కలా కనీసం నాలుగైదు మొలకలు మిగలాలి. అంతకు ముందు కాడని ఫ్లాట్ ప్లయర్‌తో నొక్కి బల్లపరుపు చేద్దామని చూస్తే మొదటికే మోసం వచ్చింది. కాడ నిలువునా చీలి, రెక్క వాడిన తోటకూరలా వాలిపోయింది. ప్లయర్ జోలికి పోకండి.

ఏడో జత లెక్క 6. సంతోషించాలా? కానీ ఆ 6 ఎదురు దిక్కున! ఇన్నాళ్లూ హుక్కు కన్ను (దారం కట్టే రంధ్రం) వైపు నుంచి చూస్తే కుడికి తిరిగిన ఫ్లై ఇప్పుడు ఎడమకి తిరుగుతోంది. పై ఫొటోలో దగ్గరి రెక్క నిటారుగానే ఉంది, అవతలిది ఎడమకి 4 డిగ్రీలు. నా అనుమానాలు రెండు. ఎదురు దిక్కున చుట్టడం చేతికి కొత్త కాబట్టి అవతలి రెక్క మీద బిగువు ఎక్కువ పడుతుండొచ్చు. లేదా ఈక సహజ వంపు. ఇప్పటిదాకా రెండు ఈకల్నీ మెడ తోలు మీద పక్కపక్కనే, ఒకే వరుసలోంచి తీస్తున్నాను. మెడ మధ్యగీతకి ఒకే పక్కన పెరిగిన ఈకల కాడలు చివర్లో ఒకే వైపుకి కొద్దిగా ఒంగి ఉంటాయి. బల్ల మీద పరిచి చూస్తే తెలుస్తుంది. దారం తప్పు పెద్దదిగా ఉన్నన్నాళ్లూ ఇది దాని వెనక దాక్కుంది.

ఇంకా లావుపాటి 4ఎక్స్ టిప్పెట్‌కి మారితే తిరుగుడు కనబడదు కదా అంటే, అవును. 0.15 మి.మీ. నుంచి 0.18కి పోతే నైలాన్ మెలితిరగడానికి ఇంచుమించు రెట్టింపు మొరాయిస్తుంది. కానీ అది తప్పుని కప్పిపుచ్చడం. మందకొడిగా పారే తేట నీళ్లలో 14 నంబరు ఫ్లైకి 4ఎక్స్ కట్టడం నాకిష్టం లేదు.

రెక్క కాల్చడం గురించి నాలుగు మాటలు, ఇక్కడా బోలెడు ఈకలు తగలబెట్టాను. కొన్న ఇత్తడి బర్నర్ (ఈకని మధ్యలో పట్టుకునే రెక్క ఆకారపు పట్టకారు, బయటికి మిగిలిన భాగాన్ని కాల్చేస్తాం) రెండు ఆకులూ కొసల దగ్గర 0.4 మి.మీ. కలవలేదు, దాంతో ప్రతి రెక్కకీ ఒక చిన్న మెట్టు వచ్చేది. సన్న ఆకురాయితో రాస్తే దారికి వచ్చింది. లైటర్ మంటలో నీలం భాగమే వాడాలి, పసుపు భాగం మసి పూస్తుంది, అంచు కాటుక పెట్టినట్టు నల్లబడుతుంది. రెండు ఈకలు కాల్చాక బర్నర్‌ని తడిగుడ్డ మీద చల్లార్చి, తుడిచి ఆరబెట్టండి. వేడి ఇత్తడిలో పెట్టిన ఈక కాల్చకముందే ముడుచుకుంటుంది. కాలిన అంచు మీద మిగిలే గింజల్ని గోటితో గీరితే పొడిగా రాలిపోతాయి. కమురు వాసనకి కిటికీ తీయక తప్పదు. కాడ రెక్క నడిమధ్యన కాకుండా ముందు అంచు నుంచి మూడో వంతులో ఉండాలి, అప్పుడే అసలు పురుగు రెక్కలా కనబడుతుంది. అలా కావాలంటే ఒక ఈకని మెరుపు వైపు పైకి, రెండోదాన్ని కిందికి పెట్టి కాల్చాలి, లేకపోతే రెండూ ఒకే పక్క రెక్కలవుతాయి. నేను మొదటి జతలో అదే చేశాను.

ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ఈనెలు అచ్చేసిన రెడీమేడ్ రెక్కలు కూడా ప్రయత్నించాను. ఫొటోకి బ్రహ్మాండం. గాలికి వంగవు, కాస్టు వేసేటప్పుడు కీచుమంటాయి. పెట్ట ఈకలకి వైటింగ్ కంపెనీ హెన్ కేప్ (పెట్ట మెడ తోలు) నాకు సరిపోయింది. కొస గుండ్రంగా, పోచలు దట్టంగా ఉంటాయి, 14, 12 నంబర్లకి చాలినంత వెడల్పు ఉంది.

ఇంత తంటా ఎందుకు, పారాషూట్ (హ్యాకిల్‌ని రెక్క మొదలు చుట్టూ అడ్డంగా చుట్టే ఫ్లై) కట్టుకోవచ్చు కదా అనొచ్చు. ట్రౌట్‌కి పై లోకం కనబడేది 97 డిగ్రీల శంకువు గుండానే, దాని బయట నీటి పైభాగం అద్దంలా ఉంటుంది. కొట్టుకొచ్చే డన్‌లో ఆ కిటికీ అంచున ముందు కనబడేది నిలబడ్డ రెక్కే, ఒళ్లు ఆ తర్వాత. పెన్సిల్వేనియాలోని లెటార్ట్ వాగు మీద చేపలు పట్టిన రచయిత విన్స్ మారినారో వెడల్పాటి రెక్కల కోసం అంత పట్టుబట్టింది అందుకే. వేగంగా పారే నీళ్లలో ఇది అనవసరం, ఒప్పుకుంటాను. డెలావేర్ నది వెస్ట్ బ్రాంచ్ (పడమటి పాయ) లాంటి చోట అద్దంలాంటి మడుగుల్లో, ఏప్రిల్ చివర మధ్యాహ్నం రెండు గంటలకి హెండ్రిక్సన్లు లేచేటప్పుడు చేప తీరిగ్గా ముక్కు ఆనించి చూసి వెనక్కి తగ్గుతుంది. అక్కడ రెక్క పనికొస్తుంది, తిరగకపోతే.

ఎనిమిదో జతకి: ఒక ఈక మెడ మధ్యగీతకి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి, రెండూ గీతకి సమాన దూరంలో. మొలకలు ఉంచాలి. చుట్లు ఎదురుబొదురుగానే, కానీ అవతలి రెక్కకి మూడు బదులు రెండు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి 8ఎ, 8బి అని రెండు ఫ్లైలు కడుతున్నాను, ఒక్కోదాంట్లో ఒక్క మార్పే. లెక్క 4 లోపు వస్తే 12 నంబరు మార్చ్ బ్రౌన్‌కి (ఇంకో మేఫ్లై) పార్ట్రిడ్జ్ (కౌజు పిట్ట) ఈకతో ఇదే పద్ధతి. పార్ట్రిడ్జ్ కాడ ఇంకా సన్నం, ఇంకా దొర్లుతుందని భయం. 16 నంబరు సల్ఫర్ల (చిన్న పసుపు మేఫ్లైలు) జోలికి మాత్రం కట్ వింగ్‌తో పోను. 7 మి.మీ. రెక్కకి ఇంత చాకిరీ దండగ, సి.డి.సి. (బాతు తోక మొదటి దగ్గరి మెత్తటి) ఈకలు రెండు చాలు. ఎడమ పక్క ఈకలు పన్నెండు, కుడి పక్కవి పన్నెండు ఏరి రెండు కవర్లలో వేసి పేర్లు రాసి పెట్టాను. బర్నర్ చల్లగానే ఉంది.