మిలిటరీ గ్రీన్ బిల్డ్: కేసు రెడీ, బోర్డు ఎక్కింది

కేబినెట్ సైడ్ ప్యానెల్ పెయింట్ అయిపోయింది, మదర్‌బోర్డు ఎక్కింది, విండోస్ 7 కూడా పడింది. కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. 2009 నుంచి ఓ ఐదారేళ్లు గేమింగ్ పీసీ పార్టులు మిలిటరీ వేషం కట్టుకుని తిరిగిన కాలం ఒకటుంది, ఆ కాలం సామాన్లతోనే ఒక పూర్తి మెషీన్ కడుతున్నాను. మోడరన్ వార్‌ఫేర్ 2, ఆ తర్వాత బ్యాటిల్‌ఫీల్డ్ 3 లాంటి యుద్ధం గేములు ఊపేస్తున్న రోజులవి. జీస్కిల్ ర్యామ్ పేరు స్నైపర్, కూలర్ మాస్టర్ కేబినెట్ పేరు ట్రూపర్, గిగాబైట్ బోర్డు పేరు అసాసిన్. ఇప్పుడంతా గాజు తలుపులూ రంగుల లైట్లూ గానీ అప్పట్లో ఏ బాక్సు విప్పినా తుపాకులే.

ముందు కేబినెట్ సంగతి. కోర్సేర్ వెంజెన్స్ సీ70, 2012లో వచ్చింది, మిలిటరీ గ్రీన్ రంగు. నలుపులో, తెలుపులో కూడా ఇచ్చారు, ఆకుపచ్చ ఉండగా అవి ఎవరు కొన్నారో మరి. తూటాల పెట్టెలా ఉంటుంది: పైన రెండు హ్యాండిళ్లు, పక్క తలుపులకు స్క్రూలు లేకుండా వేలితో నొక్కితే ఊడే లాచీలు. నాకు దొరికినదానికి కింది అంచుల్లో తుప్పు, ఒక ప్యానెల్ మీద పొడుగు గీత. తుప్పు పట్టినచోట 400 నంబరు ఎమెరీ పేపరుతో గీకి, 800తో నీళ్లు పెట్టి రుద్ది, ప్రైమర్ కొట్టాను. రంగు కలవడమే పెద్ద పని. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఆలివ్ గ్రీన్ స్ప్రేలు ఏవీ దగ్గరకి కూడా రావు. అందుకని ప్యానెల్‌నే చంకలో పెట్టుకుని కార్ల పెయింట్ కలిపే షాపుకి వెళ్లాను. ఆయన ముందు ఎన్‌ఫీల్డ్ బ్యాటిల్ గ్రీన్ తీశాడు, ఎండలోకి తెచ్చి పక్కన పెట్టి చూస్తే మరీ ముదురుగా ఉంది, దాంట్లో కాస్త పసుపు, ఇంకాస్త తెలుపు పడ్డాకగానీ కుదరలేదు. ట్యూబ్‌లైట్ కింద మాత్రం రంగు ఓకే చేయొద్దు, ఎండలో తేడా తెలిసిపోతుంది. పైన మ్యాట్ క్లియర్ కోటే వేయించండి, మెరుపు కోటు వేస్తే పాత పెయింట్ పక్కన అతుకు వేసినట్టు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

బోర్డు ఆసుస్ సేబర్‌టూత్ పీ67. టఫ్ సిరీస్‌లో ఒంటినిండా ప్లాస్టిక్ కవచం వేసుకుని వచ్చిన మొదటి బోర్డు ఇదే, థర్మల్ ఆర్మర్ అన్నారు. ఇది సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. ఈ బోర్డు మీద ఎక్కే ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లు 2011 జనవరిలో వచ్చాయి, అదే నెల చివర్లో ఇంటెల్ వాటి జోడీ చిప్‌సెట్‌లో (బోర్డు మీద పోర్టులు నడిపే చిప్) లోపం ఉందని ఒప్పుకుంది: డిస్కులు తగిలించే సాటా పోర్టుల్లో 3 గిగాబిట్‌వి నాలుగూ కాలం గడిచేకొద్దీ బలహీనపడొచ్చు, 6 గిగాబిట్ పోర్టులు రెండిటికీ ఏం కాదు. సరిచేసిన చిప్ పేరు బీ3 స్టెప్పింగ్. బాక్సు మీదో బోర్డు మీదో బీ3 అనో రివిజన్ 3.0 అనో ఉంటే నిశ్చింతగా తీసుకోండి. లేకపోతే బేరం బాగా ఆడి, డ్రైవులు రెండు 6 గిగాబిట్ పోర్టులకే పెట్టుకోండి. నాది బీ3. ఇంకో మాట, ఈ పీ67 చిప్‌సెట్‌తో ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ పనిచేయవు, బోర్డు బతికుందో లేదో చూడాలన్నా గ్రాఫిక్స్ కార్డు పెట్టాల్సిందే.

కవచం విప్పాలంటే బోర్డు తిరగేసి వెనక స్క్రూలు తీయాలి. లోపల దుమ్ము చూస్తే కళ్లు తిరిగాయి, పదేళ్ల పైగా మూలమూలల్లో చేరి అట్టకట్టింది. మెత్తటి బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక పూటంతా పట్టింది. కవచం మీద 50 ఎంఎం ఫ్యాన్ పెట్టుకునే చోటు ఉంది. ఆ ఫ్యాన్ ఉంటేనే ఈ ప్లాస్టిక్‌కి అర్థం, లేకపోతే వేసవిలో రెయిన్‌కోటు వేసుకున్నట్టే. ఊరికే అనట్లేదు, గది 31 డిగ్రీలున్నప్పుడు ఐ5-2500కె ప్రాసెసర్ మీద అరగంట లోడ్ పెట్టి రెండు విధాలా చూశాను. కవచంతో పవర్ సెక్షన్ (ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం) దగ్గర 58 వచ్చింది, కవచం తీసేస్తే 54. ప్రాసెసర్ టెంపరేచర్‌లో తేడా చెప్పుకోదగ్గంత లేదు. నాలుగు డిగ్రీలకి బోర్డేం చచ్చిపోదు గాబట్టి, చూడముచ్చటగా ఉంది గాబట్టి మళ్లీ బిగించేశాను. బోర్డులో సెన్సర్లు చాలానే ఉన్నాయి, ఆసుస్ సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఒకేచోట కనిపించడం మాత్రం నిజంగా బాగుంది.

గ్రాఫిక్స్ కార్డు ఎంఎస్ఐ జీటీఎక్స్ 560 టీఐ ట్విన్ ఫ్రోజర్. 170 వాట్లు లాగుతుంది, రెండు సిక్స్‌పిన్ పవర్ కనెక్టర్లు కావాలి. ఎన్విడియాలో దీనికి మామూలుగా పనిచేసే చివరి డ్రైవరు 391.35, కొత్తవి వెతకొద్దు. బాక్సు మీద మిలిటరీ క్లాస్ అని పెద్ద ముద్ర. టాంటలం కెపాసిటర్లు, మంచి చోకులు (కరెంటు నిలకడగా ఉంచే తీగచుట్టలు), సాలిడ్ కెపాసిటర్లు వాడారని దాని భావం, అవి నిజంగానే మంచి సరుకు. తర్వాత మిల్-స్టాండర్డ్ 810జీ అని కూడా వేయడం మొదలుపెట్టారు. అది అమెరికా రక్షణ శాఖ పరీక్షా పద్ధతుల పుస్తకం: వేడి, తేమ, కుదుపు, కంపనం ఇలా చాలా ఉంటాయి, వాటిలో ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది. సైన్యం వచ్చి సర్టిఫికెట్ చేతిలో పెట్టి పోదు. ఆ ముద్ర చూసి పాత పార్టుకి ఎక్కువ డబ్బు పెట్టొద్దని నా సలహా, కెపాసిటర్లు ఉబ్బాయా లేదా చూసుకోండి చాలు.

అన్నిటికన్నా అతి చేసింది గిగాబైట్ జీ1 కిల్లర్ బోర్డులు. నా దగ్గర స్పేర్‌గా స్నైపర్ 2 ఉంది, జెడ్68 చిప్‌సెట్ బోర్డు, చిప్‌సెట్ హీట్‌సింక్ తుపాకీ మ్యాగజైన్ ఆకారం, లోపల బుల్లెట్లు కూడా కనిపిస్తాయి. కానీ హీట్‌సింక్‌కి కావాల్సింది రెక్కలు, గాలి తగిలే చోటు. ఇక్కడ అచ్చం లోహపు దిమ్మ. చిప్‌సెట్ అంత వేడెక్కదు గాబట్టి సరిపోయింది, లేకపోతే నవ్వులపాలే. అదే సీ70 చూడండి, తూటాల పెట్టె ఎత్తి తిప్పడానికీ గబుక్కున తెరవడానికీ చేసింది, కేబినెట్‌కి కావాల్సినవీ అవే, అందుకే ఆ వేషం అతికింది. కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టాక కూడా హ్యాండిళ్లు పట్టుకుని ఒక్కణ్నే మేడ మీదికి తీసుకెళ్లాను.

ఎస్ఎంపీఎస్ మాత్రం కొత్తదే, 550 వాట్లు. ఈ ఒక్కదాంట్లో పాతకాలం పట్టింపు పెట్టుకోవద్దు, ముసలి ఎస్ఎంపీఎస్ పోతూపోతూ బోర్డుని కూడా తీసుకుపోతుంది. బోర్డు మీది బిళ్ల సెల్, సీఆర్2032, కూడా మార్చేయండి. ర్యామ్ జీస్కిల్ స్నైపర్ 4 జీబీవి రెండు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత సామాన్ల కుప్పలో దొరికాయి, పైన రైఫిల్ బొమ్మలా కోసిన రేకు. ఒకటి వదిలి ఒక స్లాటులో పెడితే డ్యూయల్ చానల్ (రెండూ జంటగా పనిచేస్తాయి), 1600 స్పీడు ప్రొఫైల్ మొదటిసారికే పట్టింది.

మిగిలింది కేబుళ్లు సర్దడం, పక్క తలుపు విండోకున్న గీతలు కార్ పాలిష్‌తో పోతాయేమో చూడటం, తర్వాత స్నైపర్ 2 మీద ఎక్స్-ఫై సౌండ్ చిప్ పరీక్ష. చప్పుడు తక్కువ చేసే 50 ఎంఎం ఫ్యాన్ ఎవరైనా వాడి ఉంటే మోడల్ చెప్పండి, నేను తెచ్చినవన్నీ దోమల్లా గీపెడుతున్నాయి.