గిరీశం ఎవరితో మాట్లాడుతున్నాడు: కన్యాశుల్కంలో పాత్రల్ని చదివే పద్ధతి

గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం మీద వ్యాసం రాయమంటే చాలామంది మొదటి వాక్యంలోనే పాత్రకు ముద్ర వేసేస్తారు. గిరీశం మోసగాడు, మధురవాణి ఉదాత్తురాలు, సౌజన్యారావు ఆదర్శవాది, అగ్నిహోత్రావధాన్లు మొండిమనిషి. మిగిలిన పేజీలన్నీ ఆ ముద్రకు సాక్ష్యాలు ఏరడంతో సరిపోతాయి. ముద్ర తప్పని అనను. కానీ నాటకం చదవకుండానే రాయగలిగిన మాట అది. చదివినవాడు అంతకంటే ఎక్కువ చెప్పాలి.

నవలలో కథకుడు మధ్యలో దూరి ఫలానావాడి మనసులో ఏముందో చెప్పగలడు. నాటకంలో ఆ వీలు లేదు. మనకు దొరికేవి నాలుగే: పాత్ర పైకి అనే మాట, చేసే పని, చాటున ఇతరులు దాని గురించి అనుకునేది, ఒంటరిగా ఉన్నప్పుడు తనకు తాను చెప్పుకునే స్వగతం. ఈ నాలుగూ ఎక్కడ ఒకదానితో ఒకటి పొసగవో అక్కడ ఆగాలి. పాత్ర దొరికేది అక్కడే.

ముందు ఒక జాగ్రత్త. ఏ కూర్పు చదువుతున్నారో చూసుకోండి. ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి, ఏడంకాల నాటకంగా మళ్లీ తెచ్చారు. ఇవాళ మనం కన్యాశుల్కం అంటున్నది ఆ రెండోదాన్నే. వేశ్య మధురవాణి ఇంత పెద్ద పాత్ర అయింది అందులోనే. మొదటి కూర్పు మీద వచ్చిన విమర్శను రెండోదానికి అతికిస్తే వ్యాసం అక్కడే కుంటుపడుతుంది.

ఇక పని. కాగితం మీద అయిదు గళ్లు గీయండి. రంగం ఏది, ఎదురుగా ఎవరున్నారు, ఆ క్షణంలో పాత్రకు ఏం కావాలి, దానికోసం ఎలాంటి మాట వాడింది, చివరికి అది దక్కిందా లేదా. ప్రధాన పాత్రకు పది పన్నెండు వరసలు చాలు. రాసేటప్పుడు ఎలాంటి తీర్పూ వద్దు, జరిగింది మాత్రమే రాయాలి.

గిరీశంతో మొదలుపెడదాం. తెర తీయగానే ఒంటరిగా ఉంటాడు. పూటకూళ్లమ్మకు సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి, నాట్యకత్తె మీద ఖర్చు పెట్టేశానని తనే చెప్పుకుంటాడు. ఈ స్వగతాన్ని కొలబద్దగా పెట్టుకోండి. తర్వాత అతను ఏ ఉపన్యాసం ఇచ్చినా ఈ ఇరవై రూపాయల పక్కన పెట్టి చూడాలి. శిష్యుడు వెంకటేశం ఎదుట ఇంగ్లీషు దంచుతాడు, చుట్ట తాగడం నేర్పుతాడు, వితంతువు మీద ఇంగ్లీషు పద్యం చదువుతాడు. అక్కడ కావలసింది ఊరు దాటడానికి ఒక సాకు, తలదాచుకోవడానికి ఒక ఇల్లు. రెండూ దక్కాయి. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు దగ్గరికి వచ్చేసరికి ఉపన్యాసాలు ఆగిపోతాయి. ఆయనకు కోర్టు వ్యవహారాలంటే ప్రాణం కనుక, ఆ కాగితాలకు అక్కరకొచ్చే ఇంగ్లీషు చదువరిగా మారిపోతాడు. అక్కడా దక్కింది.

వెంకటేశం అక్క, వితంతువు బుచ్చమ్మతో మాట్లాడే రంగాల్ని నెమ్మదిగా చదవాలి. వితంతు వివాహం గురించి అతను చెప్పే మాటల్లో చాలావరకు న్యాయమైనవే. వాటిని సంస్కర్త అయిన వకీలు సౌజన్యారావు అని ఉంటే చప్పట్లు కొట్టేవాళ్లం. ఆమెను లేచిపోవడానికి ఒప్పించినది మాత్రం ఆ వాదం కాదు. ఆమె ఇల్లు దాటితే చెల్లెలు సుబ్బి పెళ్లి ఆగిపోతుందన్న ఆశ చూపించాడు. అంటే బుచ్చమ్మ చెల్లెలి కోసం కదిలింది. ‘గిరీశం మాయమాటలకు లొంగిన అమాయకురాలు’ అని రాసేవాళ్లు ఈ సంగతి వదిలేస్తున్నారు. లుబ్ధులైన పెద్దల మధ్య ఇంకొకరి కోసం తను నష్టపోవడానికి సిద్ధపడిన మనిషి ఆమె. ఆ ఒక్క వరస పట్టికలో సరిగ్గా నింపితే బుచ్చమ్మ మీద రాయవలసిన వ్యాసమే మారిపోతుంది.

పట్టిక పూర్తయ్యాక అయిదో గడిని పైనుంచి కిందికి చదవండి. వెంకటేశం, అవధాన్లు, బుచ్చమ్మ, మొదట్లో సౌజన్యారావు, అందరి దగ్గరా గిరీశం మాట చెల్లింది. పూటకూళ్లమ్మ దగ్గర, మధురవాణి దగ్గర చెల్లలేదు. వాళ్లిద్దరికీ అతని జేబు సంగతి తెలుసు. ఇంగ్లీషు వచ్చినవాడూ శాస్త్రం చదివినవాడూ పసిగట్టలేనిదాన్ని, లెక్క చూసుకునే ఇద్దరు ఆడవాళ్లు పసిగట్టారు. నాటకం ఈ మాట ఎక్కడా పైకి అనదు. ఇలాంటివి బయటపడతాయనే గళ్లు గీయమంటున్నాను.

తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: పాత్ర అన్న మాటను రచయిత అభిప్రాయంగా ఎత్తి రాయడం. ‘మనవాళ్లొట్టి వెధవాయలోయ్’ అన్నది గిరీశం. దాన్ని గురజాడ సమాజం మీద ఇచ్చిన తీర్పుగా వాడేస్తున్నారు. ఏ మాట ఉటంకించినా ఎవరు, ఎవరితో, ఏం ఆశించి అన్నారో ఒక్క వాక్యంలో చెప్పి తీరాలి. అలా చెప్పలేకపోతే ఆ ఉటంకింపు తీసేయడమే మంచిది.

ఇతివృత్తం దగ్గరికి వస్తే, పేరు చూసి కన్యాశుల్కం, అంటే డబ్బు తీసుకుని ఆడపిల్లను పెళ్లికి ఇవ్వడం, ఒక్కటే విషయమనుకోవడం రెండో పొరపాటు. ఆ దురాచారం తీవ్రత చిన్నది కాదు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో ఇలాంటి పెళ్లిళ్లు 1034 జరిగినట్టు తేలిందని గురజాడే మొదటి కూర్పు ఇంగ్లీషు ముందుమాటలో రాశారు. కానీ నాటకంలో అమ్మకానికి పెట్టిన సుబ్బికి చెప్పుకోదగ్గ మాటలే లేవు. ఆమె గొంతు వినబడనంత దూరంలో ఆమె ధర నడుస్తుంది. సుబ్బికి ఏమవుతుందో తెలియాలంటే బుచ్చమ్మను చూడాలి, ఆమె ఆ దారిలోనే వెళ్లి తిరిగొచ్చిన అక్క. ఇక సుబ్బిని కొనబోయిన ముసలి లుబ్ధావధాన్లు, ఇంకో పిల్ల తక్కువలో దొరికిందని సంబరపడి తాళి కట్టింది, ఆ పెళ్లి ఆపడానికి సుబ్బి మేనమామ కరటకశాస్త్రి ఆడవేషం వేయించి తెచ్చిన శిష్యుడికి! నాటకంలో నిజంగా జరిగిన కన్యాశుల్క వివాహం అదొక్కటే, అందులో కన్యే లేదు. వితంతు సమస్య, వేశ్యా సమస్య, కోర్టు పిచ్చి, అరకొర ఇంగ్లీషు చదువు, ఇవన్నీ డబ్బు అనే ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. ఆ తాడు పట్టుకుని రాస్తే ఇతివృత్తం చెదరదు.

వస్తువుల్ని కూడా వెంబడించండి. మధురవాణి మెడలో వేసుకునే నగ, కంటె, అందుకు మంచి ఉదాహరణ. అది ఆ దొంగ పెళ్లికూతురి మెళ్లోకి వెళ్లి, పెళ్లికూతురితో పాటే మాయమవుతుంది. కంటె తెచ్చేదాకా, తనను ఉంచుకున్న రామప్పంతుల్నే ఇంట్లోకి రానివ్వదు మధురవాణి. ఊళ్లో అందరినీ బెదిరించే మనిషి ఒక నగ కోసం తలుపు బయట నిలబడాల్సి వచ్చింది. రామప్పంతులు డాంబికం ఎంత పల్చనో చెప్పడానికి ఇంతకంటే మంచి రంగం లేదు.

మధురవాణికి ‘బురదలో తామర’ లాంటి పొగడ్తలు అతికించొద్దు. ఆమె తన లాభం చూసుకుంటుంది, అబద్ధం ఆడుతుంది, ఆట పట్టిస్తుంది. ఆమె గొప్పతనం వీటికి పక్కనే ఉంది, వీటిని చెరిపేసి కాదు. చివరి అంకాన్ని రెండు వేషాలుగా చూడండి. కుర్రాడు పెళ్లికూతురి వేషం వేసి పారిపోవడంతో లుబ్ధావధాన్ల మీద ఖూనీ కేసు పడింది. ఆ చిక్కు విప్పడానికి మధురవాణి మగవేషంలో సౌజన్యారావు దగ్గరికి వచ్చింది. వేశ్యల ముఖం చూడనని పంతం పట్టిన మనిషి ఆయన. నిర్దోషిని కాపాడే సాక్ష్యానికి ప్రతిఫలంగా ముద్దు అడుగుతుంది. ఆయన తటపటాయించి, చివరికి సిద్ధపడతాడు. అప్పుడు ఆమే వద్దంటుంది, చెడనివాళ్లను చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటుంది.

ఈ రంగం మీద రాసేటప్పుడు సౌజన్యారావును పూజ్యుడిగా ఒక పక్కన కూర్చోబెడితే సగం పోతుంది. పరీక్ష ఇద్దరికీ జరిగింది. ఒక మనిషి ప్రాణం ముందు తన నియమం ఎంతో ఆయన తేల్చుకోవాల్సి వచ్చింది, పంతాన్ని పక్కనపెట్టడానికి ఒప్పుకున్న ఆ క్షణంలోనే ఆయన మనకు దగ్గరవుతాడు. ఆమె చేతిలో ఉన్న అధికారాన్ని ఆమె వాడకుండా వదిలేసింది. గిరీశం నిజరూపం ఆయనకు తెలిసింది కూడా ఆమె వల్లే. అన్నేళ్ల సంస్కరణ అనుభవం ఆ పని చేయలేకపోయింది. పట్టికలో సౌజన్యారావు వరసలు నింపేటప్పుడు ‘ఏం కావాలి’ గడికి పక్కనే ‘ఏం తెలియదు’ అని ఇంకో గడి పెట్టుకోండి. ఈ పాత్రకు అదే ముఖ్యం.