అప్పడు ఇంటిపేరు ఎలా అయింది

మారిషస్ అనగానే చాలామందికి హనీమూన్ ప్యాకేజీలు గుర్తొస్తాయి. నాకు మాత్రం అక్కడి వాళ్ల ఇంటిపేర్లంటే పిచ్చి. అప్పడు అనేది అక్కడ ఇంటిపేరు! సింహాచలం అప్పన్న మీద భక్తితో ఉత్తరాంధ్రలో పిల్లలకి పెట్టుకునే పేరు, హిందూ మహాసముద్రం మధ్యలో, మడగాస్కర్‌కి తూర్పున ఉన్న దీవిలో వంశం పేరై కూర్చుంది.

అసలు ఆ దీవికి సొంత జనం అంటూ ఎవరూ లేరు. 1598లో డచ్‌వాళ్లు దిగేనాటికి మనుషుల్లేరు, ఎగరలేని డోడో పక్షులున్నాయి; వందేళ్లు తిరక్కుండానే అవీ పోయాయి. డచ్‌వాళ్లు 1710లో వదిలేసి వెళ్లాక ఫ్రెంచివాళ్లొచ్చారు, ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసల్ని తెచ్చి చెరకు వేయించారు. 1810లో ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. 1835లో బానిసత్వం రద్దవుతుందని ముందే తేలిపోయింది సరే, మరి చెరకు కొట్టేదెవరు? ఆ ప్రశ్నకి జవాబుగా దొరికింది మనవాళ్లే. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి 36 మందితో అట్లాస్ అనే ఓడ రాజధాని పోర్ట్ లూయీ చేరింది, అక్కణ్ణుంచి 1920 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది. కాకినాడ దగ్గరున్న మన కోరంగి రేవు నుంచీ ఓడలు వెళ్లాయి.

ఐదేళ్ల ఒప్పందం, మగవాళ్లకి మొదట్లో నెలకి ఐదు రూపాయలు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్లు, దానికి 'డబుల్ కట్' అని పేరు కూడా ఉంది. నల్లటి లావా రాళ్లు ఏరి కుప్పలు పోస్తే గానీ చెరకు నాటడానికి చోటుండేది కాదు. ఆ గుట్టలు ఇప్పటికీ తోటల మధ్యలో కనిపిస్తాయి.

ఓడ దిగినవాళ్లు ఎక్కిన మెట్లు పోర్ట్ లూయీలో ఇంకా ఉన్నాయి, ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడే ఒక్కొక్కరికీ ఒక నంబరు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే పేరు అలా రాసుకున్నాడు, తండ్రి పేరే పిల్లలకి ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి, ముత్తాత నంబరు పట్టుకుని ఊరు వెతుక్కునేవాళ్లు అక్కడికే వెళ్తారు.

ఇప్పుడు అక్కడి తెలుగువాళ్లు ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచిలోంచి పుట్టిన క్రియోల్ భాష, పేపరు చదివేది ఫ్రెంచిలో, పార్లమెంటు నడిచేది ఇంగ్లీషులో. తెలుగు బడిలో నేర్చుకోవాలి. అయినా దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, ఉగాదికి దేశమంతా సెలవు. లిపి పట్టింపులు కూడా తక్కువేం కాదండోయ్: 1998లో కొత్త నోట్ల మీద తమిళం కంటే హిందీని పైన వేశారని తమిళులు గొడవ చేస్తే ప్రభుత్వం ఆ నోట్లన్నీ వెనక్కి తీసుకుని, తమిళాన్ని మళ్లీ ముందుకు జరిపి వేయించింది. మన లిపి ఆ నోటు మీద అసలు లేదు, మనవాళ్లెవరూ అడిగినట్టూ లేదు!