‘అమ్మమ్మ దగ్గరే ఉండిపోతా’

మహారాష్ట్ర కొసన, తెలంగాణ సరిహద్దులో ఉన్న మా సిరొంచాలో సెలవులు అయిపోవచ్చాయి. సూట్‌కేసు సర్దుతుంటే మా పద్నాలుగేళ్ల పిల్ల గుమ్మంలో నిలబడి, "అమ్మా, నేను రాను. అమ్మమ్మ దగ్గరే ఉండి చదువుకుంటా" అంది. వంటింట్లోంచి మా అమ్మ వత్తాసు: "ఉండనియ్యి బిడ్డా, నేను జూసుకుంట."

నేను నవ్వేశాను. నవ్వకపోతే అరిచేదాన్నే.

ఏ ఊరి నుంచి బయటపడాలని పదో తరగతిలో రోజులు లెక్కపెట్టానో, ఆ ఊళ్లోనే ఉంటానంటోంది నా కూతురు.

తప్పు నాదే. కెనడాలో దాన్ని నిద్రపుచ్చడానికి చెప్పిన కథల్లో సిరొంచా అంటే ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. పడవెక్కి కాళేశ్వరం పోయి ఒకే పానవట్టం మీద రెండు లింగాలను చూసి రావడం. ఇంకా మా తాలూకా డైనోసార్, బారాపాసారస్. టాగూరు శతజయంతి ఏడు, 1961లో తవ్వితీశారు కాబట్టి పేరు చివర ‘టాగోరై’ అని చేర్చారు. దాని మీద పిల్ల మూడో క్లాసులో ప్రాజెక్టు కూడా చేసింది. ఆ ఎముకల గూడు ఇప్పుడు కోల్‌కతాలో ఉంది. పేరొచ్చాక మా ఊళ్లో ఎవరుంటారని జోకులేసేదాన్ని.

మిగతాది చెప్పలేదు. 1982లో గడ్చిరోలి కొత్త జిల్లా అయినా, జిల్లా కేంద్రం మాకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. వాగులు పొంగితే ఎస్టీ బస్సు (మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు) రాదు. ఇప్పుడున్న గోదావరి వంతెన అప్పుడు లేదు. బడి మరాఠీలో. నోరు తెరిస్తే నా మరాఠీలో తెలుగు యాస వినబడేది, వెనక బెంచీ నవ్వేది. ఏరు దాటి పెళ్లికి పోతే మేనత్త కూతుళ్లు "మరాఠోళ్ల పిల్ల వచ్చింది" అనేవాళ్లు. తెలుగు అక్షరాలు కూడబలుక్కునేసరికే నాకు పదహారేళ్లు (నా ఒత్తులు చూసి నవ్వేవాళ్లు ఇంకాస్త నవ్వుకోవచ్చు). రెండేళ్లు మనసు విప్పి మాట్లాడే స్నేహితురాలే లేదు. సాయంత్రాలు ఏటి ఒడ్డున కూర్చుని అవతలి దీపాలు చూసేదాన్ని. ఏడ్చానని చెప్పను. కోపంగా ఉండేది, ఎవరి మీదో తెలిసేది కాదు. మా అమ్మ మాత్రం, "కడుపునిండ తింటున్నవ్, నీకేం తక్కువైంది?" అనేది.

పోయిన చలికాలం పిల్ల బడి నుంచి వచ్చి, మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని తింటున్నానని చెప్పింది. మేముండేదీ చిన్న ఊరే. ఇంకో తెలుగు ఇంటికి పోవాలంటే గంటన్నర డ్రైవింగు. నేనేమన్నాను? "మా ఊళ్లో కరెంటు కూడా సరిగా ఉండేది కాదు. నీకేం తక్కువ?" అదే అమ్మ మాట, చలికోటు తొడుక్కుని నా నోట్లోంచి వచ్చింది. ఆ వారమే వాట్సాప్‌లో వేరే తల్లికి ‘పిల్లలు చెప్పేది ముందు వినండి’ అని పెద్ద మెసేజ్ పెట్టాను.

నిన్న రాత్రి డాబా మీద దానికి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి అన్నీ మంచివే ఎందుకు చెప్పావ్?" అంది.

"నీకు మా ఊరు నచ్చాలని."

"నచ్చింది కదా. అందుకే ఉంటానంటున్నా."

ఇక్కడ దాని మరాఠీకి, తెలుగుకు రెండింటికీ నవ్వుతారని బెదిరించాను. "అక్కడ నవ్వట్లేదా?" అంది. ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేదాన్ని, ఆ మాటకు జవాబు ఇంగ్లీషులోనూ దొరకలేదు.

దానికి కావలసింది సిరొంచాయో, లేక అక్కడ లేకుండా పోవడమో నాకు అర్థం కావడం లేదు. నా పద్నాలుగేళ్లప్పుడు నన్నడిగితే నేనూ చెప్పలేకపోయేదాన్నేమో. మా ఆయన ఫోన్లో, "టెన్షన్ పడకు, విమానం ఎక్కితే మర్చిపోతుంది" అంటున్నాడు. నేను మర్చిపోలేదు కదా.

పొద్దున ఆరింటికి కారు వస్తుంది. సూట్‌కేసులో నా బట్టలు సర్దడం అయిపోయింది. దానివి ఇంకా తీగ మీదే ఉన్నాయి. అది తీయలేదు. నేనూ తీయలేదు.